కుడి తొట్టి చేపలు

మద్రాసు మీద బాంబులు పడతాయని జనం పట్నం ఖాళీ చేసిన ఏడాది హనుమయ్యగారు గురజాల తిరిగొచ్చారు. వస్తూ వస్తూ రెండు ట్రంకు పెట్టెల నిండా గాజు సీసాలు తెచ్చారు. ఆ సీసాల్లో మందునీళ్ళలో నానుతున్న చేపలు. ఎమ్మే చదివి, సర్కారు చేపల శాఖలో చేరిన కొడుకు దర్జాగా దిగుతాడని బండి కట్టుకుని స్టేషనుకు పోయిన వాళ్ళ నాన్న, ఆ వాసనకు ముక్కు మూసుకుని వెనక నడుచుకుంటూ వచ్చాడు. కాఫీ హోటల్లో కూర్చునే జనం ఆయనకు చేపల డాక్టరని పేరు పెట్టారు. మనుషులకే మందు దొరకని యుద్ధకాలంలో చేపలకు డాక్టరేమిటని నేనూ నవ్వాను. తర్వాత ఆయన దగ్గరే పనికి కుదిరాను.

నా పేరు బషీరున్నీసా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక మా ఊళ్ళో ఎవరికీ లేదు, బషీరమ్మ అంటారు. మేం దూదేకులవాళ్ళం. నేను పనికి కుదిరేనాటికి మా ఇంట్లో దూది ఏకే విల్లు ఉంది, ఏకే మనిషి లేడు. మా ఆయన జాన్ సాహెబ్ ఆ విల్లు గోడకు తగిలించి లారీ నడపడం నేర్చుకున్నాడు. లారీ తోలడం వచ్చినవాడికి పటాలంలో మంచి గిరాకీ అని ఎవరో చెబితే నలభై ఒకటిలో చేరి ఓడెక్కాడు. సింగపూరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఇక్కడ చేపలు చానా చవక, నీ చేతి పులుసే లేదు అని రాశాడు. ఆ తర్వాత సింగపూరు జపానువాళ్ళ చేతికి పోయిందన్నారు. ఇంకో కార్డు రాలేదు.

నేను ఊరి బయట దర్గాకి వెళ్ళి, ఆయన తిరిగొచ్చేదాకా నీసు ముట్టనని మొక్కుకున్నాను. చేపలంటే నాకు ప్రాణం. పొందుగల రేవు నుంచి బుట్టలు వచ్చాయంటే చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి పరుగెత్తే రకాన్ని. మొక్కంటే ప్రాణమైనదాన్నే వదలాలి కదా. నాకు ఎటూ పడని కాకరకాయ వదిలేస్తానంటే ఏ పీరు మెచ్చుకుంటాడు? ఇంకోటి, మొక్కు సంగతి నోరు విప్పి చెబితే దాని బలం పోతుందని మా పక్క నమ్మకం. అందుకని మా అత్త హజ్రా బీకి కూడా చెప్పలేదు. మొగుడి మీద బెంగతో దీనికి కూర సహించడం లేదనుకుని ఆమె ఊరుకుంది. అదీ అబద్ధం కాదు.

గుంటూరు నుంచి మాచర్ల పోయే బండి దీపాలు పెట్టే వేళకు మా ఊరు వచ్చేది. నేను రోజూ స్టేషను కంచె దగ్గర నిలబడేదాన్ని. ఆయన దిగితే, ఆయన నన్ను చూసేలోపల నేను ఆయన్ని చూడాలని నా కోరిక. ఇంకేమీ అక్కర్లేదు నాకు. ఆ మెట్ల మీద పెట్టే మొదటి అడుగు దగ్గర నుంచి చూడాలి.

రెండేళ్ళు తిరిగేసరికి పొద్దు వాలితే చాలు నా కళ్ళకు తెర పడటం మొదలైంది. పగలంతా బాగానే ఉండేది. బండి కూతపెట్టే వేళకు ఎదురుగా ఉన్న కంచె కూడా చేత్తో తడుముకుంటేనే తెలిసేది. ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచాయని ఇరుగుపొరుగు అమ్మలక్కలు జాలిపడ్డారు. ఏడిస్తే చూపు పోతుందని చెప్పినా వినలేదని మా అత్త తిట్టింది. నేను దారి గుర్తుపెట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ స్టేషనుకు వెళ్ళడం మాత్రం మానలేదు.

ఆ సంగతి హనుమయ్యగారు ఒక సాయంకాలం పట్టేశారు. నీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చి ఆయన వసారాలో తొట్టికి గుద్దుకుని పడ్డాను. ఆయన దగ్గరికొచ్చి, "ఎన్ని వేళ్ళు చూపిస్తున్నా బషీరమ్మా?" అని అడిగారు.

"ముందు తమరెక్కడున్నారో చెప్పండి అన్నయ్యగారూ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇది రేచీకటి. ఏడవటం వల్ల రాదు, తిండిలో లోటు వల్ల వస్తది. ఇట్టాగే వదిలేస్తే పగటి చూపు కూడా పోద్ది," అన్నారు.

అప్పటికి ఆ వసారాలో రెండు సిమెంటు తొట్లు కట్టించి ఉన్నారు. ఎండిపోతున్న ఒక చెరువులో బొచ్చె చేపపిల్లలకు కళ్ళు తెల్లబడుతున్నాయని బెస్తవాళ్ళు చెబితే, వాటిని తెప్పించి తొట్టికి ఎనిమిది చొప్పున వేశారు. ప్రతి శుక్రవారం నేను ఒక్కో చేపనూ తడిగుడ్డలో పట్టుకుని చూపిస్తే, ఆయన దాని కంటి బొమ్మ పెన్సిలుతో గీసుకునేవారు. కంటి మీద తెల్లటి పువ్వు ఎంతమేర కమ్ముకుందో అంతమేర బొమ్మలో తెల్లగా వదిలేవారు. చేప కన్నూ మనిషి కన్నూ ఒకే లోటు వల్ల, ఒకే తీరున పాడవుతాయని ఆయన నమ్మకం. అది రుజువుచేసి ఒక వ్యాసం రాసి మద్రాసు పంపాలి. వ్యాసం నిలబడితే మాచవరం వైపు రేచీకటి పట్టిన బడిపిల్లలకు సర్కారు సొరచేప నూనె డబ్బాలు పంపుతుందట. ఇంగ్లీషువాళ్ళ సీమ నుంచి వచ్చే మందునూనె యుద్ధం వల్ల ఆగిపోయింది గనక, సొరచేపల కాలేయాల నుంచి ఇక్కడే తీస్తున్నారన్నారు.

ఎడమ తొట్టి చేపలకు తవుడు ముద్దలో ఆ నూనె కలిపి వేయాలి. కుడి తొట్టికి ఒట్టి తవుడే. నాకు ఒళ్ళు మండింది.

"ఇయ్యేం పాపం చేశాయి అన్నయ్యగారూ?"

"పాపం కాదమ్మాయ్. రెండింటికీ నూనె పెడితే దేనివల్ల నయమైందో ఎట్టా తెలుస్తది?"

"మరి ఇయ్యి గుడ్డివైతే?"

"అప్పుడు మన మాట నిజమని తేలుద్ది."

ఎంత చదువుకున్నా ఈ మనిషికి గుండె లేదనుకున్నాను. మందు పక్కనే పెట్టుకుని, చూస్తూ చూస్తూ ఎనిమిది ప్రాణాలను చీకట్లోకి తోసేయడం నా బుర్రకు ఎక్కలేదు.

మనుషుల్లోనూ నాతో కలిపి పదకొండు మంది రేచీకటివాళ్ళ పేర్లు రాసుకుని అందరికీ నూనె సీసాలిచ్చారు. మిగిలిన పదిమంది నకరికల్లు, మాచవరం పల్లెలవాళ్ళు. వాళ్ళలో ఒకావిడ కంటిమందు కంట్లోనే కదా వేసుకోవాలని చుక్కలు వేసుకుని లబలబలాడిందట. ఇంకొకాయన వాసన భరించలేక దీపంలో పోసి వెలిగించాడు. అందువల్ల హనుమయ్యగారు కళ్ళెదుట తిరిగే నన్నే బాగా నమ్ముకున్నారు. అన్నం తిన్నాక తాగమని రోజూ సాయంత్రం చిన్న సీసాలో పోసి నా చేతికిచ్చేవారు.

నేను తాగలేదు. మందయినా సరే, చేప కడుపులోంచి వచ్చింది నీసే. అది నా గొంతు దిగిన రోజు ఎక్కడో ఆయన ఊపిరి ఆగిపోతుందని నా భయం. కారణం చెబితే మొక్కు బయటపడుతుంది. పోనీ పారబోద్దామంటే, అందరూ దొరక్క అల్లాడుతున్న మందును మట్టిలో కలపడానికి చేతులు రాలేదు. మర్నాడు పొద్దున్నే ఆ సీసా తెచ్చి కుడి తొట్టి తవుడులో కలిపి ముద్దలు చేశాను. ఆ చేపలు ఎగబడి తిన్నాయి. ఆ రోజు నుంచి రోజూ అదే పని చేశాను. మంచిపని చేస్తున్నానన్న గర్వం కూడా ఉండేది.

మూడు నెలల్లో రెండు తొట్లలోనూ చేపల కళ్ళు తేటపడ్డాయి. నా కళ్ళు మాత్రం ఇంకాస్త మసకబారాయి. హనుమయ్యగారు శుక్రవారం బొమ్మలన్నీ నేల మీద పరిచి, వాటి మధ్య కూర్చుని గంటలు గంటలు చూసేవారు. తొట్లలో నీళ్ళు మార్చి చూశారు, తవుడు కొట్టు మార్చి చూశారు. మనిషి సగమైపోయారు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం కాగితాల కట్టకు దారం కట్టి పక్కన పెట్టారు.

"రాయటం అయిపోయింది బషీరమ్మా. రేపు టపాలో వేస్తా."

"ఏం రాశారండీ?"

"ఈ నూనె వల్ల చేపల కళ్ళకు గానీ, మనుషుల కళ్ళకు గానీ ఉపయోగం లేదని. నూనె తిన్న చేపలకీ తినని చేపలకీ ఒకటే తీరుగా నయమైంది. నూనె తాగిన నీకేమో అసలు తగ్గనే లేదు. ఇదంతా నా భ్రమని తేలిపోయింది."

"మరి మాచవరం పిల్లలకి డబ్బాలు?"

"ఇంకెందుకు పంపుతారు? పనికిరాని మందని నేనే రాశా గదా."

 ముప్ఫై మంది దాకా పిల్లలు ఆ బడిలో. నేను నోరు మూసుకుంటే వాళ్ళ కళ్ళు పోతాయి. నోరు విప్పితే నా మొక్కు పోతుంది. తొట్టి అంచు పట్టుకున్నాను. జాన్ సాహెబ్ ముఖం గుర్తుచేసుకుని, మనసులోనే నన్ను క్షమించమని అడిగి, మొత్తం చెప్పేశాను. మొక్కు సంగతి, సీసాల సంగతి, కుడి తొట్టి సంగతి.

ఆయన ముఖం ఎర్రబడింది. "ఏడాది పని తగలేశావు గదే!" అని అరిచారు. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ ఆయన నన్ను అలా అన్నది లేదు. తలపట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి తల ఎత్తి కుడి తొట్టిలోకి చూసి, "అయితే వీటికి నయం చేసింది నూనేనన్నమాట," అని పెద్దగా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే దారం తెంపి ఆ కాగితాలు చించేశారు.

"ఇప్పటికైనా నువ్వు తాగు," అన్నారు నవ్వు ఆపుకుని.

"తాగనండీ."

"మొక్కు కోసం కళ్ళు పోగొట్టుకుంటావా?"

"మీ కాయితం కోసం ఈ ఎనిమిదింటి కళ్ళు పోయినా ఫర్వాలేదనుకోలేదా తమరు?"



కొత్త చేపలు తెప్పించి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి కుడి తొట్టికి ఒట్టి తవుడే వేశాను. వారం వారం వాటి కళ్ళు తెల్లబడుతుంటే తడిగుడ్డలో పట్టుకుని చూపించింది కూడా నేనే. ముద్దలు వేసేటప్పుడు వాటివైపు చూడలేక తల తిప్పుకునేదాన్ని. లెక్క తేలిన రోజున, ఆయన చెప్పకముందే నూనె డబ్బా తెచ్చి ఆ తొట్టి పక్కన పెట్టాను. ఆరింటికి చూపు తిరిగొచ్చింది. రెండింటికి రాలేదు. ఆ రెండింటినీ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వ్యాసం మద్రాసు వెళ్ళి అచ్చయింది. మాచవరం బడికి డబ్బాలు వచ్చాయి. హనుమయ్యగారు అచ్చు కాగితం తెచ్చి, చేప కంటి బొమ్మల కింద ఇంగ్లీషులో ఏముందో వేలితో చూపిస్తూ మా అత్తకూ నాకూ తెలుగులో చెప్పారు. మొక్కు సంగతి అప్పటికే నా నోట విన్న మా అత్త అంతా విని, "అందరి కళ్ళూ బాగుచేశావు నాయనా, ఈ మొండిదాని కళ్ళు తప్ప," అంది.

యుద్ధం ముగిసింది. జపాను చెరలో ఉన్నవాళ్ళు ఓడల్లో వస్తున్నారని పేపర్లో పడింది. నేను స్టేషనుకు ఇంకా పెందలాడే వెళ్ళడం మొదలుపెట్టాను. ఒకళ్ళిద్దరు పల్నాడు వాళ్ళు ఎముకల గూళ్ళై దిగారని విన్నాను. ఎముకల గూడైనా చాలనుకున్నాను.

ఆయన రాలేదు, సర్కారు కాగితం వచ్చింది. చదివిపెట్టమని హనుమయ్యగారికిచ్చాను. ఆయన చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తీసేశారు. డ్రైవరు జాన్ సాహెబ్ ఆచూకీ ఎక్కడా దొరకలేదనీ, చనిపోయి ఉంటాడని భావిస్తున్నామనీ అందులో ఉంది. మా అత్త గడపలో కూలబడింది. నేను ఏడవలేదు. నేను నోరు విప్పినందుకే ఇలా అయిందన్న మాటే తలలో తిరుగుతోంది. మాచవరం పిల్లల కళ్ళు నిలబెట్టి నా మనిషిని నేనే చంపుకున్నాననిపించింది.

పది రోజులాగి హనుమయ్యగారు నూనె సీసా పట్టుకుని వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, ఎటో చూస్తూ, "ఇంక మొక్కు లేనట్టే గదమ్మా. తాగు," అన్నారు.

"లేనట్టని ఎవరన్నారు?" నా గొంతు నాకే పెద్దగా వినబడింది. "చనిపోయి ఉంటాడని రాశారు, చనిపోయాడని రాశారా? అది తాగితే నా చేతుల్తో నేను ఆయన్ని పాతిపెట్టినట్టే. తీసుకుపోండి."

ఆయన వెనుదిరిగారు. అప్పుడు మా అత్త గోడ పట్టుకుని లేచింది. "ఆగు నాయనా," అని సీసా ఆయన చేతిలోంచి తీసుకుంది. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుని ఈడ్చుకుంటూ బయలుదేరింది. దర్గా దాకా ఆగలేదు. అక్కడ పదిమంది ఉన్నారు. ఆమె సమాధి ముందు కొంగు పరిచి, ఊరంతా వినేటట్టు అరిచింది.

"దీని మొక్కు నాకియ్యి! వాడు నా కడుపున పుట్టినోడు, నేను మోస్తా. వాడొచ్చిందాకా నీసు నా నోట పెట్టను. రహస్యం లేదు ఏం లేదు, అందరూ వినండి! తల్లి నోరు విప్పితే కొడుకు చస్తాడంటే నేను నమ్మను!"

అని సీసా మూత తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"తాగవే. వాడొస్తే చూడాల్సింది నువ్వు. ముసలిదాన్ని, నా కళ్ళేం చేసుకుంటా?"

నేను తాగాను.  నాలుగేళ్ళ తర్వాత చేప రుచి అది. ఆమెను పట్టుకుని, సింగపూరు పోయిన నాటి నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చాను.

రోజూ తాగాను. మా అత్త ఎదురుగా కూర్చుని తాగించేది. మూడు వారాలు గడిచాక ఒక సంధ్యవేళ హనుమయ్యగారు వసారా చివర నిలబడి వేళ్ళు చూపించారు. మూడన్నాను. రెండన్నాను. చూపుడు వేలికి సిరా అంటింది కడుక్కోండన్నాను. ఆయన పిల్లాడిలా గంతేసి, నోటుబుక్కు కోసం లోపలికి పరుగెత్తారు. నేను స్టేషనుకు పరుగెత్తాను.

ఆ రోజు అడుగులు లెక్కపెట్టుకోలేదు. దారిలో రాళ్ళు కనబడ్డాయి, కంచె ముళ్ళు కనబడ్డాయి. బండి వచ్చి ఆగింది. గార్డు చేతిలో పచ్చజెండా కనబడింది. చంకలో బిడ్డతో ఒకావిడ దిగింది. మిరపకాయల బేరానికి వచ్చే కోమటాయన గొడుగుతో దిగాడు. చివరి పెట్టెలోంచి ఖాకీ చొక్కా మనిషి దిగాడు. నెల కిందటైతే ఆ బూట్ల చప్పుడుకే నా గుండె లేచి వచ్చేది. చీకట్లో నన్ను గుర్తుపట్టక దాటిపోయాడేమో, ఈపాటికి ఇంటికి చేరి ఉంటాడేమో అని తడుముకుంటూ ఇంటికొచ్చి పడేదాన్ని. చూపు లేని ఆ రెండేళ్ళూ దిగిన ప్రతి మగవాడూ ఆయనే అయ్యుండటానికి వీలుండేది. ఇప్పుడు ఆ మనిషి ముఖం మీద మశూచి మచ్చలతో సహా కనబడింది. ఎవరో పరాయి మనిషి. బండి కదిలిపోయింది. ప్లాట్‌ఫారం ఆ కొస నుంచి ఈ కొస దాకా శుభ్రంగా కనబడింది, ఎవరూ లేరు.

ఇంటికొచ్చేసరికి మా అత్త గడపలో కూర్చుని ఉంది. సందెవెలుగులో ఆమె ముఖం చూసి ఎన్నాళ్ళైందో. చెంపలు లోపలికి పోయి, ఎంత ముసలిదైపోయిందో అప్పుడు చూశాను.

"దిగాడా?" అంది.

"అందర్నీ చూశానత్తా. ఆయన లేడు."

"బాగా చూశావా?"

"బాగా చూశాను."

ఆమె లేచి నాకు అన్నం పెట్టింది. నా కంచంలో చేప ముక్కలు వేసి, తన కంచంలో పచ్చడి వేసుకుంది.

"రేపు కూడా పో," అంది.

మర్నాడు వెళ్ళాను. ఆ రోజు పదకొండు మంది దిగారు. ఒక్కో ముఖమే చూసుకుంటూ చివరిదాకా నిలబడ్డాను.